సంత వీధి కంబళ్ళ అంగడి: తాడూ ఇనుమూ నిక్షేపం, మందుల అర దగ్గర జాగ్రత్త

కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం పోయే దోవలో, సంత జరిగే ఊరి నడివీధిలో ఉంటుంది ఈ అంగడి. బోర్డు లేదు. కంబళ్ళ అంగడి ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. జీవాలు మేపేవాళ్ళకు కావలసిన సరుకంతా ఇక్కడ దొరుకుతుంది. పలుపులు, వలలు, గంటలు, ఉన్ని కత్తెరలు, దోటి కొడవళ్ళు, కంబళ్ళు, ఉప్పు, నట్టల మందు, టార్చిలైట్లు, టైరు చెప్పులు, ఏది కావాలన్నా ఒక్క గడప తొక్కితే చాలు. ముందే తేల్చి చెప్పాలంటే, తాడుకూ ఇనుముకూ ఉన్నికీ ఈ అంగడిని మించింది చుట్టుపక్కల లేదు. మందుల దగ్గర మాత్రం సీసా తిప్పి చదివి కొనాలి. పద్దు రాయించేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇలాంటి మెట్ట ఊళ్ళలో మొదట అంగడి పెట్టినవాళ్ళు సరుకు అమ్మడంతో ఆగలేదు. ఉన్ని కొన్నదీ వాళ్ళే, అప్పిచ్చిందీ వాళ్ళే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడే సీమలో పైరు ఎండిపోయినా మంద మిగులుతుంది, మంద మిగిలితే అంగడి బాకీ వసూలవుతుంది. ఆ లెక్కతోనే ఇవి నిలబడ్డాయి. 2019 పశుగణనలో రాష్ట్రం మొత్తం మీద 1.76 కోట్ల గొర్రెలు తేలితే, జిల్లాలన్నిటిలోకీ ఉమ్మడి అనంతపురానిదే పైచేయి. బేరం ఉంది కాబట్టి అంగడీ ఉంది. వెనక ఉన్ని గోదాము మాత్రం ఇప్పుడు ఫ్లెక్సీ పట్టాలతో, ప్లాస్టిక్ బిందెలతో నిండిపోయింది.

అన్నిటికన్నా బాగున్నది వలల సరుకు. ఎరువు కోసం రైతుల చేలో మంద నిలిపేవాళ్ళు ఇప్పుడు ముళ్ళకంప మోసుకు తిరగడం మానేసి నైలాన్ వల చుట్టుకుపోతున్నారు. ఎంత కొనాలో ఇంట్లోనే లెక్క వేసుకుని పోవడం మంచిది. పెద్ద గొర్రెకు పడుకోవడానికి 10 నుంచి 12 చదరపు అడుగులు కావాలి. నూరు జీవాలకు దాదాపు 1,200 చదరపు అడుగులు, అంటే ఒక్కో పక్క 35 అడుగుల చదరం. చుట్టుకొలత 140 అడుగులు. ద్వారం దగ్గర ఒకదానిమీద ఒకటి కప్పడానికి ఇంకో పది కలిపి 150 అడుగుల వల అడగండి. ఏడు అడుగులకు ఒక గుంజ చొప్పున 20 గుంజలు, మూలలకు ఊతంగా ఇంకో నాలుగు. వర్షాకాలంలో నేల తడిసి గుంజలు ఊగుతాయి, అప్పుడు అయిదు అడుగులకు ఒకటి పాతాలి.

వల కన్ను ఎంతుందో తప్పకుండా చూడాలి. అంగట్లో రెండు రకాలు వేలాడుతుంటాయి. నాలుగు అంగుళాల కన్నుది చవక, తూకం తక్కువ, మోయడం తేలిక. కానీ పిల్లలు తల దూర్చి వెనక్కి తీసుకోలేవు, కొమ్ములున్న పొట్టేళ్ళు చిక్కుకుని రాత్రంతా పెనుగులాడి మెడ విరుచుకుంటాయి. రెండు అంగుళాల కన్నుదే తీసుకోండి, కాస్త ధర ఎక్కువైనా. ఎత్తు నాలుగు అడుగులకు తగ్గకూడదు. నాలుగడుగుల వల తోడేలును ఆపుతుందా అంటే ఆపదు, దూకేస్తుంది. వల పని వేరే. తోడేలు వాసన తగిలి మంద బెదిరినప్పుడు జీవాలు చీకట్లో చెల్లాచెదురు కాకుండా పట్టి ఉంచుతుంది. కాపలా కుక్కదే. ముళ్ళ పట్టీలు అని కుక్క మెడకు కట్టే ఇనుప మేకుల పట్టీలు ఇక్కడ ఉన్నాయి. తోడేలు ముందు కుక్క గొంతే పట్టుకుంటుంది కాబట్టి అవి కొనదగ్గవే. మేకుల తలలు లోపలి వైపు తోలుతో కప్పి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. కప్పకపోతే కుక్క మెడే పుండు పడుతుంది.

పలుపుల్లో నైలానూ ఉంది, నూలుదీ ఉంది, కిత్తనారదీ ఉంది. కిత్తనార తాడు చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ తడిస్తే ముడి బిగుసుకుపోయి కొడవలితో కోస్తే తప్ప రాదు. కొత్తదైతే నార దురద పెడుతుంది, రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి బండమీద కొట్టి ఆరబెడితే మెత్తబడుతుంది. గుంజలకూ కట్టెల మోపులకూ అది సరిపోతుంది. మెడకు మాత్రం నూలు పలుపే. నైలాన్ సన్నది మెడకు కడితే జీవం గుంజుకున్న ప్రతిసారీ కోస్తుంది. ఆ కోత మీద ఈగ వాలిందంటే మూడో రోజుకు పురుగులు. అంగట్లో తాడు ఇంకా బారల లెక్కన కొలిచి ఇస్తారు. కొలిచే చేతులు ఎవరివన్న దాన్ని బట్టి బార మారుతుంది. టేపుతో కొలవమంటే మొహం చిట్లించరు, అడగాలంతే. లావు తాళ్ళయితే తూకానికి తీసుకోవడమే మేలు.

గంటలు కొనడం ఇక్కడ ఒక ముచ్చట. కంచువి పోతపోసినవి, ఇనుప రేకువి రివిట్లు కొట్టినవి, రెండూ ఉన్నాయి. రేకుది మొద్దు శబ్దం ఇస్తుంది కానీ కంపచెట్ల మధ్య బండలకు తగిలి సొట్ట పడితే ఆ శబ్దమూ పోతుంది. కంచుది ధర రెండు మూడింతలు. నూరు జీవాలకు నాలుగైదు గంటలు చాలు. ముందు నడిచే మేకపోతుకొకటి, వెనకబడే అలవాటున్న ముసలి గొర్రెకొకటి, మిగిలినవి మధ్యలో. ఒక్కో గంట ఒక్కో స్వరం పలికేట్టు ఏరుకుంటే చీకట్లో ఏది ఎటు పోయిందో చెవికే తెలుస్తుంది. గంటను చేత్తో పట్టుకుని కాకుండా తాడుకు వేలాడదీసి ఆడించి చూడండి. నాలుక రెండు వైపులా సమంగా తగలాలి. నాలుక వేలాడే కొక్కీ సన్నగా ఉంటే ఏడాదిలో అరిగి, మేతలో ఎక్కడో రాలిపోతుంది. ఆ కొక్కీకి సైకిల్ చువ్వ ముక్క వంచి బిగించి ఇస్తారు, అడిగినవాళ్ళకే. మెడపట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. పిల్ల జీవాలకు కడితే నెలకోసారి వదులు చేయకపోతే పట్టీ చర్మంలోకి దిగుతుంది.

ఉన్ని కత్తెర నల్ల గొర్రెలున్నవాళ్ళకే పనికొస్తుంది. నెల్లూరు జాతి ఎర్ర గొర్రెకు, మొహాన నల్లమచ్చలుండే జోడిపికి కత్తిరించే ఉన్నే ఉండదు. ఒకే ఉక్కు పట్టీని విల్లులా వంచి రెండు కొనలూ అలుగులుగా సాగగొట్టిన కత్తెర అడగండి, మధ్యలో మర బిగించినది వద్దు. మర వదులైతే ఉన్ని తెగదు, నలుగుతుంది, జీవం తన్నుకుంటుంది. అలుగులు మూసి వెలుతురుకు అడ్డం పట్టి చూస్తే మొదట్లో సన్నని సందు కనపడాలి, కొన దగ్గర ఒకదానికొకటి ఆనాలి. మొత్తం అతుక్కుని ఉన్నదీ, కొనలు విడిపోయి ఉన్నదీ పక్కన పెట్టేయండి. తడి దూదిని కత్తిరించి చూస్తే పదును తెలుస్తుంది, పొడి దూదిని మొండి కత్తెరైనా కోస్తుంది. సాన పెట్టేటప్పుడు వాలుగా ఉన్న బయటి అంచునే పట్టాలి. లోపలి చదునైన ముఖాన్ని ఒక్కసారి రాయికి ఆనించినా అలుగుల మధ్య గాలి దూరి కత్తెర పనికిరాకుండా పోతుంది. సంతలో సాన పట్టేవాళ్ళు హడావుడిలో చేసే పని సరిగ్గా ఇదే. అంగట్లో పెద్దాయన పట్టిస్తే మాత్రం నమ్మొచ్చు.

కంబళ్ళ దగ్గర కొత్తవాళ్ళు మోసపోతారు. మోసం అంగడివాళ్ళది కాదు, అడగనివాళ్ళది. ఒకే కొయ్య మీద చేతిమగ్గం కంబళి, మిల్లు కంబళి పక్కపక్కనే మడిచి పెడతారు. ఏది ఏదని అడిగితే నిజమే చెబుతారు, అడక్కపోతే చెప్పరు. గుంట మగ్గం మీద నేసిన దానికి చింతపిక్కల గంజి పట్టిస్తారు కాబట్టి కొత్తలో అట్టలా బిర్రుగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గొర్రె వాసన. మెత్తగా, వాసన లేకుండా ఉందంటే అనుమానించాలి. అంచు నుంచి ఒక పోగు లాగి నిప్పంటించండి. ఉన్నైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. ప్లాస్టిక్ నూలు కలిసి ఉంటే కరిగి గట్టి పూస కడుతుంది. ఇక వాన పరీక్ష. గిన్నెడు నీళ్ళు పోస్తే నిలబడి జారిపోవాలి. నల్లరంగు అద్దినదైతే తడి గుడ్డతో రుద్దితే తెలిసిపోతుంది, గొర్రె సొంత నలుపు దిగదు. ఇంటికి తెచ్చాక వేడినీళ్ళలో సబ్బుపెట్టి ఉతికితే ఆ గంజి పోయి, నేత ముడుచుకుని, బాగా కురచవుతుంది. ఎండలో పరిచి దులపడమే దానికి ఉతుకు. వానల్లో పెట్టెలో పెట్టేటప్పుడు ఎండిన వేపాకు మధ్యమధ్య వేస్తే పురుగు పట్టదు. మన ఉన్ని ఇచ్చి కంబళి మార్చుకునే పద్ధతి ఇక్కడ ఇంకా పూర్తిగా పోలేదు. ఉన్ని ధర ఇప్పుడు కత్తిరింపు కూలికి కూడా రావడం లేదు కాబట్టి, డబ్బుకన్నా ఆ మారకమే కాస్త గిట్టుబాటు.

దోటి కొడవళ్ళు బాగున్నాయి. గొట్టం ఉన్న కొడవలి తీసుకుంటే గెడ దూర్చి మేకు కొడితే సరి. తీగ చుట్టినవి ఎండాకాలం వెదురు బిగుసుకుని సన్నబడగానే వదులై, పైనుంచి నెత్తిన పడతాయి. కరెంటు తీగల కింద పచ్చి వెదురు గెడ ఎత్తవద్దు. ఎండినదైనా మంచు తడికి కరెంటు పారుతుంది.

ఇప్పుడు మందుల అర. పడమటి గోడకు ఉంది అది, సాయంత్రం ఎండ నేరుగా సీసాల మీద పడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో ఇదొక్కటి చాలు ఇక్కడ మందులు కొనకుండా ఉండడానికి. ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటి ఇంజెక్షన్లు ఎండకు రంగు ముదిరి చెడతాయి. ఎలాగూ అవి డాక్టరు రాసిస్తే తప్ప కొనకూడనివి.

నట్టల మందైతే తేదీ చూసి కొనొచ్చు. కానీ బలం చదవకుండా కొంటే ముప్పు. ఆల్బెండజోల్ ఒకే అరలో రెండు బలాల్లో ఉంటుంది. 2.5 శాతం సీసాలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు, 10 శాతం సీసాలో 100. గొర్రెకు కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన 30 కిలోల దానికి 225 మిల్లీగ్రాములు కావాలి. మొదటి సీసాలోంచి 9 మిల్లీలీటర్లు, రెండో దాంట్లోంచి రెండుంబావు. పోయినసారి పోసినంతే పోద్దామని రెండో సీసాలోంచి తొమ్మిది పోస్తే నాలుగింతల మందు పడినట్టే. లీటరు 2.5 శాతం మందు 110 జీవాలకు వస్తుంది. చూలు కట్టిన మొదటి నెలన్నరలో ఉన్న గొర్రెలకు ఆల్బెండజోల్ పోయవద్దు, పిల్ల అవకరంతో పుడుతుంది. వాటికి ఫెన్‌బెండజోల్ అడగాలి. ఆ సంగతి కౌంటర్లో ఉండే కుర్రాళ్ళు చెప్పరు.

క్లోసాంటెల్ సంగతి ఇంకా సున్నితం. కార్జపు జలగకూ, రక్తం పీల్చే నట్టలకూ మంచి మందే. కిలోకు 10 మిల్లీగ్రాములు దాని కొలత. ఎక్కువైతే చూపు పోతుంది, తిరిగి రాదు. మందలో అన్నిటికన్నా బరువైన దాన్ని చూసి అందరికీ అదే కొలత పోసే అలవాటు ఆల్బెండజోల్‌కు చెల్లుతుంది గానీ దీనికి చెల్లదు. కాబట్టి ఇదే అంగట్లో దొరికే వేలాడే కాటా ఒకటి, 100 కిలోలదైతే సరి, గోనెపట్టాతో సహా కొనండి. జీవాన్ని పట్టాలో ఎత్తి తూచి మందు పోయొచ్చు. సంతలో గుడ్డ కింద వేళ్ళు నొక్కి బేరం చేసే దళారి దగ్గరికి పొట్టేలు బరువు తెలిసి పోతే ఆ కాటా ఖర్చు ఒక్క అమ్మకంలో తిరిగొస్తుంది.

మందు పోసే గొట్టాలు, అంటే పిడి పట్టుకుని నొక్కితే కొలతగా పడేవి, ఈమధ్య తెస్తున్నారు. గొట్టం మొన గుండ్రంగా ఉందో లేదో చూడండి, గరుకుగా ఉంటే గొంతు గీసుకుపోతుంది. ఇంట్లో పాత్రలో నీళ్ళు కొలిచి పది నొక్కులకు ఎంత పడుతుందో సరిచూసుకున్నాకే వాడాలి. పోసేటప్పుడు తల పైకెత్తవద్దు. దవడ నేలకు సమంగా ఉంచి, పక్క నుంచి నాలుక మీదికి నెమ్మదిగా వదలాలి. తల ఎత్తి గబుక్కున పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి, రెండు మూడు రోజుల్లో దగ్గుతో చస్తుంది. నెపం మాత్రం మందు మీదికి పోతుంది.

టీకాలు ఇక్కడ అమ్మరు, అది ఈ అంగడి మంచితనం. సంత రోజు ఐసు డబ్బా పెట్టుకుని అమ్మేవాళ్ళ జోలికి పోవద్దు. పారుడు రోగం టీకా చల్లదనం తప్పితే నీళ్ళతో సమానం, కలిపిన సీసా రెండు గంటల్లో వాడేయాలి. చిటుక రోగం టీకాది దీనికి తలకిందులు, గడ్డకడితే చెడుతుంది. తొలకరికి ముందే, మే నెలలో, పశువుల ఆసుపత్రిలో వేయించుకోండి. వానలు పడి లేత పచ్చిక మీద జీవాలు ఎగబడ్డాక చిటుక వస్తే ఆ రాత్రికే నాలుగైదు కాళ్ళు చాపేస్తాయి. అప్పుడు టీకా కోసం పరుగెత్తి లాభం లేదు. బెట్టకు గిడసబారిన జొన్న తిని నాము పట్టినా, అంటే జొన్న విషమెక్కినా, అంతే, దానికి మందు ఏ అంగట్లోనూ దొరకదు. 1962కు ఫోన్ చేసి డాక్టరును పిలవాలి.

ఖనిజ లవణాల పొట్లాలు కొనేటప్పుడు ఆవు బొమ్మ ఉన్నది తీసుకోవద్దు. ఆవులకు కలిపే రాగి మోతాదు గొర్రె కార్జం తట్టుకోలేదు. నెలల తరబడి పేరుకుని, ఒక్కసారిగా కళ్ళు పచ్చబడి, మూత్రం కాఫీ రంగుకు తిరిగి, జీవం చస్తుంది. అంగట్లో ఎక్కువగా చెల్లేది ఆవు పొట్లమే, ముందు దాన్నే తీసి ఇస్తారు. గొర్రెలది వెనక అరలో ఉంటుంది. రోజుకు ఒక్కో పెద్ద జీవానికి 10 గ్రాములు. కల్లుప్పు మూట మాత్రం ఇక్కడ నికార్సు.

పద్దు గురించి విడిగా చెప్పుకోవాలి. "రాసుకో సెట్టీ, పొట్టేళ్ళు అమ్మినాక ఇస్తా" అంటే కాదనరు. వడ్డీ మాటే ఎత్తరు. ఎందుకంటే వడ్డీ ధరలోనే ఉంది. నగదుకు నూరు రూపాయల సరుకు పద్దుకైతే 112 రాస్తారు. ఆరు నెలలకు తీరిస్తే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ పడినట్టు, సీమలో ఆ మాత్రం మామూలే. కానీ రెండు నెలలకే తీర్చినా 112 రూపాయలే తీసుకుంటారు, అంటే నూటికి నెలకు ఆరు రూపాయల వడ్డీ. ముందే కట్టేవాడికి ఈ అంగట్లో తగ్గింపు లేదు. అందుకని చేతిలో త్వరలో డబ్బు ఆడేట్టుంటే పద్దు రాయించవద్దు. చిల్లర సామాను నగదుకు తీసుకుని, వల, కంబళి లాంటి పెద్ద సరుకు ఒక్కటే పద్దులో పెట్టండి. పశుపోషణకు కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు, రెండు లక్షల దాకా, గడువులో కడితే 4 శాతం వడ్డీ పడుతుంది. బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవాళ్ళకు దాని ముందు ఈ పద్దు నిలవదు. ఆ ఓపికా తీరికా లేనివాళ్ళే కాబట్టి పద్దు నడుస్తోంది. రాసిన ప్రతిసారీ సెల్‌ఫోన్లో ఆ పేజీ ఫొటో తీసుకోండి, ఎవరూ తప్పు పట్టరు.

డబ్బు పడని సాయం కూడా ఒకటుంది. చేలో మంద నిలిపించుకోవాలనుకునే రైతులు వేరుశనగ కోతలయ్యాక ఇక్కడ చెప్పి పోతారు. పెద్దాయన ఊరి పేరు, చేను ఎటుందో చెబుతాడు, దళారీ తీసుకోడు. రాత్రికి ఇంత అని బేరం మీరే మాట్లాడుకోవాలి. నీళ్ళు ఎంత దూరమో, ఆ చేలో, గట్టు పక్క చేలో పురుగుమందు ఎప్పుడు కొట్టారో ఫోన్లో కనుక్కున్నాకే మందను మళ్ళించండి. ఎండాకాలం తుంగభద్ర కాలువల కిందికి, కేసీ (కర్నూలు-కడప) కెనాల్ వైపు మంద తోలుకుపోయినవాళ్ళకు ఫోన్ చేస్తే సామాను బస్సుకు వేసి పంపుతారు. వల, తాడు అయితే పరవాలేదు. చెప్పులు అలా తెప్పించుకోవద్దు, కొలత తప్పుతుంది. టైరు చెప్పులు వేసుకుని చూసి, అట్ట అడుగున మేకు మొనలు పైకి రాలేదని చేయి దూర్చి చూసుకున్నాకే కొనాలి. సర్కారు తుమ్మ ముల్లు లారీ టైరు ముక్కలోంచి రాదు. కారు టైరుతో కుట్టినవైతే వస్తుంది. ఇక్కడ రెండూ ఒకే ధరకు వేలాడుతుంటాయి, లావు చూసి ఏరుకోండి.

సంత రోజు తెల్లవారుజామున అయిదున్నరకే తలుపులు తీస్తారు. ఎనిమిది దాటితే కౌంటర్లో కుర్రాళ్ళే ఉంటారు, పెద్దాయన సంతలోకి బాకీల వసూలుకు పోతాడు. కత్తెర సాన, గంట కొక్కీ పని ఉంటే ఆలోపే పోవాలి. సంత లేని రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మూసేస్తారు. యూపీఐ తీసుకుంటారు, కానీ సంత రోజు సిగ్నల్ అందదు.